పిల్లల ఫొటో కూడా ఒక అమానతే

రమజాన్ నెలలో ఏడెనిమిదేళ్ల బిడ్డ తొలి ఉపవాసం పాటిస్తే ఆ ఇంట అదొక పండుగ. కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలదండ వేసి, ఇఫ్తార్ వేళ బంధువుల నడుమ కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. రాజమహేంద్రవరం మొదలు నరసాపురం వరకు, కాకినాడ మొదలు ఏలూరు వరకు ముస్లిం కుటుంబాల ఫోన్లలో రోజా కుషాయి, బిస్మిల్లా వేడుక, ఈద్ ఉదయం ఫొటోలు తప్పక కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ ఫొటోను స్టూడియోలో కడిగించి, ఫ్రేము కట్టించి, గోడకు తగిలించుకునేవారు. ఇంటికి వచ్చినవారు మాత్రమే దానిని చూసేవారు. నేడు ఇఫ్తార్ సుఫ్రా ఎత్తకముందే అదే ఫొటో వాట్సాప్ స్టేటస్‌కు, ఫేస్‌బుక్‌కు, ఇన్‌స్టాగ్రామ్‌కు చేరుతోంది.

గోదావరి డెల్టాలో దీనికి మరొక కారణం కూడా ఉంది. కోనసీమ నుండి, పశ్చిమ గోదావరి నుండి ఉపాధి కోసం కువైట్, ఖతర్, ఒమన్, సౌదీ అరేబియాలకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. కొన్ని ఇళ్లలో తండ్రి అక్కడ, కొన్ని ఇళ్లలో తల్లి అక్కడ. బిడ్డకు పన్ను ఊడిందన్నా, ఖురాన్ పఠనం పూర్తయిందన్నా వారు చూడగలిగేది ఫోనులోనే. ఆ ఫొటో కుటుంబాన్ని కలిపి ఉంచే దారం. కనుక ఫొటోలే తీయవద్దని, ఎవరికీ పంపవద్దని చెప్పడం సమస్యకు పరిష్కారం కాదు. కువైట్‌లో ఉన్న తండ్రికి పంపడం వేరు, ముక్కూ మొహమూ తెలియని లోకానికి చూపడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న గీతను గుర్తించడమే నేటి తల్లిదండ్రుల ముందున్న పని.

మారినది ఏమిటి?

ఫొటోలను వక్రీకరించడం కొత్త విషయమేమీ కాదు. అయితే లోగడ ఒకరి ముఖాన్ని మరొకరి శరీరానికి అతికించాలంటే కంప్యూటరు, దానిపై పనితనం, గంటల శ్రమ కావలసి వచ్చేవి. కృత్రిమ మేధ ఆ మూడింటినీ అనవసరం చేసింది. కోట్లాది చిత్రాలను చూపి తర్ఫీదు ఇచ్చిన ఈ సాఫ్ట్‌వేరుకు మనిషి ముఖం, శరీరం, దుస్తులు, వెలుగునీడలు ఎలా ఉంటాయో ఒక అంచనా ఏర్పడి ఉంటుంది. ముఖం స్పష్టంగా ఉన్న ఒక్క ఫొటో ఇస్తే చాలు, మిగిలినదంతా అది కల్పించి నింపుతుంది. అలా వచ్చిన చిత్రంలో ముఖం తప్ప మరేదీ నిజం కాదు. చూసేవారికి మాత్రం అంతా నిజమే అనిపిస్తుంది.

ఆ కోట్లాది చిత్రాలు ఎక్కడి నుండి వచ్చాయి? 2024 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ ఈ ప్రశ్నకు ఒక జవాబును బయటపెట్టింది. కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడానికి వాడే లయాన్-5బి అనే భాండాగారంలో సుమారు 585 కోట్ల చిత్రాల లంకెలు, వాటి వివరణలు ఉన్నాయి. అందులో అత్యల్ప భాగాన్ని పరిశీలించగా బ్రెజిల్ దేశపు పిల్లల ఫొటోలు కనిపించాయి. మరుసటి నెలలో ఆస్ట్రేలియా పిల్లల ఫొటోలు కూడా బయటపడ్డాయి. పుట్టినరోజు వేడుకలు, బడి కార్యక్రమాలు, అప్పుడే పుట్టిన పసికందులు ఆ చిత్రాలలో ఉన్నారు. వాటిలో కొన్ని, కుటుంబ సభ్యులు ఏళ్ల క్రితం తమవారి కోసమే ఎక్కించి మరచిపోయినవి. కొన్ని చోట్ల పిల్లల పేర్లు సైతం తెలుసుకొనగలిగే స్థితి ఉంది.

దీని రెండవ కొస మరింత భయంకరమైనది. పిల్లలపై లైంగిక దోపిడీ చిత్రాలను ఇంటర్నెట్ నుండి తొలగించడానికి పనిచేసే బ్రిటన్ సంస్థ ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్ 2023లో చీకటి వెబ్‌లోని ఒకే ఒక వేదికను ఒక నెలపాటు గమనించింది. ఆ ఒక్క నెలలో, ఆ ఒక్క చోట, కృత్రిమ మేధతో తయారైన చిత్రాలు 20,254 కనిపించాయి.

2025 మార్చిలో కుటుంబ ఫొటోలను జిబ్లీ కార్టూన్ బొమ్మలుగా మార్చుకునే సరదా మన దేశమంతటా పాకింది. అదే ఏడాది సెప్టెంబరులో చీర కట్టిన చిత్రాల వంతు వచ్చింది. సరదాలో తప్పు వెతకనక్కరలేదు. కానీ ప్రతిసారీ మనం చేసిన పని ఒకటే: బిడ్డ ముఖాన్ని మన చేతులతో మనమే ఎవరో నడిపే కంప్యూటరుకు అప్పగించాము. ఆ తరువాత అది ఎంతకాలం అక్కడ ఉంటుందో, దేనికి ఉపయోగపడుతుందో అడిగినవారు అరుదు.

తెలుగు నేలపై జరిగినవి

ఇవన్నీ దూరదేశాల సంగతులని అనుకోవడానికి వీలులేదు. 2024 జూలైలో ఒక తెలుగు యూట్యూబరు తన మిత్రులతో కలిసి, ఒక తండ్రి తన చిన్నారి కూతురితో ఉన్న వీడియోను ముందు పెట్టుకుని, నోట పలకరాని అసభ్య వ్యాఖ్యలు చేస్తూ నవ్వుకున్నాడు. సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ ఈ విషయాన్ని ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల దృష్టికి తెచ్చారు. పిల్లల ఫొటోలు, వీడియోలు పెట్టే ముందు ఆలోచించుకోవాలని తల్లిదండ్రులకు విజ్ఞప్తి చేశారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోక్సో చట్టం కింద కేసు పెట్టి, కొద్ది రోజులలోనే అతడిని బెంగళూరులో అరెస్టు చేసింది. ఇందులో కృత్రిమ మేధ ప్రసక్తి లేదు. అసలు వీడియోలో తప్పు పట్టవలసినదేదీ లేదు. అది తండ్రీ కూతుళ్ల ముద్దుముచ్చట మాత్రమే. ఎవరి కళ్ల ముందు పడిందన్నదే తేడా.

2023 నవంబరులో నటి రష్మిక మందన్న నకిలీ వీడియో దేశమంతటా చర్చకు వచ్చింది. మరొక యువతి వీడియోకు ఆమె ముఖాన్ని అతికించారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో అరెస్టు చేసినది గుంటూరు ప్రాంతానికి చెందిన ఇంజనీరింగ్ చదివిన యువకుడిని. అతడు ఆ నటి పేరిట అభిమానుల పేజీ నడిపేవాడని, అనుచరుల సంఖ్య పెంచుకోవడానికే ఈ పని చేశాడని పోలీసులు తెలిపారు. కోట్ల రూపాయల ముఠాలు, విదేశీ హస్తాలు ఏవీ అక్కరలేకపోయాయి. ఒక యువకుడు, ఒక కంప్యూటరు, పేరు పెంచుకోవాలన్న ఆరాటం సరిపోయాయి.

ముస్లిం కుటుంబాలు మరచిపోలేని సంఘటనలు మరి రెండున్నాయి. 2021 జూలైలో, మళ్లీ 2022 జనవరి 1న, సోషల్ మీడియాలో బహిరంగంగా ఉన్న ముస్లిం మహిళల ఫొటోలను సేకరించి, వారిని వేలం వేస్తున్నట్లు చూపే యాప్‌లు గిట్‌హబ్ అనే వేదికపై వెలిశాయి. జర్నలిస్టులు, న్యాయవాదులు, విద్యార్థినులు, వయసు మళ్లిన సామాజిక కార్యకర్తలు ఆ జాబితాలలో ఉన్నారు. హైదరాబాదు మహిళలనూ వదలలేదు. రెండవ సంఘటనలో అరెస్టయినవారిలో అత్యధికులు ఇరవై ఏళ్లు అటూఇటూ ఉన్న విద్యార్థులు. నాడు వారు వాడినది సోషల్ మీడియాలో ఉన్న ఫొటోలనే. అదే ద్వేషానికి నేటి సాధనాలు తోడైతే ఏమి జరగగలదో ఊహించడం కష్టం కాదు.

ఒక చిన్న పట్టణం నేర్పిన పాఠం

స్పెయిన్ దేశంలో అల్మెంద్రలేహో అనే పట్టణం ఉంది. జనాభా ముప్పై వేల పైచిలుకు. ఆలివ్ తోటలు, ద్రాక్ష తోటలు అక్కడి జీవనాధారం. మన తణుకు, అమలాపురం వంటి ఊళ్లలో మాదిరిగానే అక్కడా ఒకరి పిల్లలు మరొకరికి తెలుసు. 2023 సెప్టెంబరులో ఆ ఊరి బాలికల నగ్న చిత్రాలు వాట్సాప్‌లో తిరగసాగాయి. బాధితులు ఇరవై మందికి పైగా. వయసు 11 నుండి 17 ఏళ్లు. చిత్రాలన్నీ నకిలీవి. బాలికల సోషల్ మీడియా ఖాతాలలోని మామూలు ఫొటోలను తీసుకుని ఒక యాప్‌తో తయారు చేశారు. చేసినవారు బయటివారు కారు, అదే ఊరి బాలురు, వారిలో కొందరు ఆ బాలికల తోటి విద్యార్థులు. 2024లో బాలల న్యాయస్థానం 15 మంది మైనర్లకు ఒక ఏడాది పర్యవేక్షణ విధించి, స్త్రీల పట్ల గౌరవం గురించి, సాంకేతికతను బాధ్యతగా వాడడం గురించి శిక్షణ పొందాలని ఆదేశించింది.

ఈ ఘటనలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, ప్రమాదం ఎప్పుడూ దూరం నుండే రాదు. రెండవది, అక్కడి తల్లులు మౌనంగా ఉండలేదు. ఒక తల్లి బహిరంగంగా మాట్లాడడంతో మిగిలిన కుటుంబాలు ఒకదానికొకటి తోడు నిలిచాయి. తప్పు తమ కుమార్తెలది కాదని ఊరంతటికీ చెప్పగలిగాయి.

అనుమతి అనే మర్యాద

ఇంటి గుట్టు ఇస్లామ్‌లో చిన్న విషయం కాదు. సలాం చెప్పి, అనుమతి పొందకుండా పరుల ఇళ్లలో ప్రవేశించరాదని దివ్యఖురాన్ నూర్ సూరా 27వ ఆయత్ ఆదేశించింది. అదే సూరా 58వ ఆయత్ ఇంకొక అడుగు ముందుకు వేసి, ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత ఇంటిలోని చిన్నపిల్లలు సైతం అనుమతి అడిగి లోపలికి రావాలని నేర్పింది. ఇతరుల రహస్యాలు కూపీ లాగవద్దని హుజురాత్ సూరా వారించింది.

తల్లిదండ్రుల గదిలోకి రావడానికి బిడ్డ అనుమతి అడగాలని మనం నేర్పుతాము. మరి ఆ బిడ్డ ముఖాన్ని వందల మంది ఫోన్లలోకి పంపే ముందు మనం ఎవరి అనుమతి అడుగుతున్నాము? పసివాడు అనుమతి ఇవ్వలేడు. కనుకనే అతని ఫొటో మన చేతిలో అమానత్ అవుతుంది. అమానతులను హక్కుదారులకు అప్పగించాలన్నది నిసా సూరా 58వ ఆయత్ ఆదేశం. ఆ ముఖం హక్కుదారు ఆ బిడ్డే. పద్దెనిమిదేళ్లు నిండేనాటికి తన గురించి లోకానికి ఏమి తెలియాలో, ఏమి తెలియకూడదో నిర్ణయించుకునే స్వేచ్ఛను మనం అతనికి మిగిల్చి అప్పగించాలి.

దేశ చట్టం కూడా ఇటువంటి గీతనే గీసింది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది. వారి వివరాలను వాడుకోవడానికి సంస్థలు తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి తీసుకోవాలని, పిల్లల కదలికలను వెంటాడి ప్రకటనలు చూపరాదని ఆ చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అయితే అదే చట్టంలోని 3వ సెక్షన్‌ను ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. ఎవరి వివరాలను వారే బహిరంగపరచుకుంటే, ఆ వివరాలకు ఈ చట్టం వర్తించదు. బాలల విషయంలో తల్లిదండ్రులు చేసినది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మనమే తలుపు తీసి పెడితే ఈ చట్టం కాపలా కాయదు.

ఇంట్లో చేయదగినవి

ధవళేశ్వరం నుండి వచ్చే నీటిని కాలువలో ఉండగా లాకుల వద్ద ఆపవచ్చు. సముద్రంలో కలిసిన నీటిని వెనక్కు తేలేము. ఫొటో సంగతీ అంతే. జాగ్రత్త అంతా పంపే ముందే.

మొదట వాట్సాప్ స్టేటస్ చూడండి. మన ఫోనులో నంబరున్న వారందరూ మనవారు కారు. గ్యాస్ బండ తెచ్చే కుర్రాడు, ఏసీ బాగుచేసే మెకానిక్, ఎప్పుడో స్థలం బేరానికి వచ్చిన బ్రోకరు, అందరి నంబర్లూ అందులో ఉంటాయి. సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగంలో స్టేటస్‌ను ఎంపిక చేసిన కొందరికే కనిపించేలా మార్చుకోవచ్చు. గల్ఫ్‌లో ఉన్నవారి కోసం, అత్తవారి, పుట్టింటి దగ్గరి బంధువుల కోసం చిన్న గ్రూపు ఒకటి చాలు. అందులోని ప్రతి ఒక్కరికీ ఒక షరతు చెప్పండి: ఇక్కడి ఫొటో ఇక్కడే ఉండాలి. ముందుగా మాట తీసుకుంటే, తరువాత మేనత్తనో పిన్నినో నొప్పించవలసిన అవసరం రాదు.

రెండవది, ఫొటోలో ముఖం ఒక్కటే ఉండదు. బడి యూనిఫాం, మెడలోని గుర్తింపు కార్డు, ఇంటి ముందు పేరుపలక, బండి నంబరు కూడా ఉంటాయి. వాటిని బట్టి ఆ బిడ్డ ఎక్కడ చదువుతాడో, ఏ వీధిలో ఉంటాడో తెలిసిపోతుంది. బహిరంగంగా పెట్టక తప్పని ఫొటో అయితే ముఖం కనిపించకుండా వెనుక నుండి తీసినది ఎంచుకోండి. స్నానం చేస్తున్న, అరకొర దుస్తులతో ఉన్న పసిపిల్లల ఫొటోలను కుటుంబ గ్రూపులో సైతం పెట్టవద్దు.

మూడవది, బడులు, మదరసాలు. పదో తరగతి మార్కులతో, పేరుతో, పెద్ద ముఖంతో కూడలిలో వెలిసే ఫ్లెక్సీలు మన జిల్లాలలో అందరూ ఎరిగినవే. మదరసా వార్షిక జల్సా వీడియోలు యూట్యూబ్‌లో ఎప్పటికీ ఉండిపోతున్నాయి. చేర్పించే రోజునే, మా అనుమతి లేకుండా మా బిడ్డ ఫొటో బయట పెట్టవద్దని ఒక కాగితంపై రాసి ఇవ్వండి. గెలిచిన బిడ్డను అభినందించడానికి పేరు, మార్కులు చాలు. మస్జిద్ కమిటీలు జుమా ప్రసంగంలో ఒకసారి ఈ విషయం ప్రస్తావిస్తే వందల కుటుంబాలకు చేరుతుంది.

నాల్గవది, ఏళ్ల క్రితం పెట్టినవి. తీరిక ఉన్న ఒక ఆదివారం భార్యాభర్తలు కూర్చుని పాత ఫేస్‌బుక్ ఆల్బములు చూడండి. పబ్లిక్ అని ఉన్నవాటిని మార్చండి, అక్కరలేనివి తొలగించండి. ఇప్పటికే ఎక్కడికైనా వెళ్లినవాటిని తేలేకపోవచ్చు. ఇకపై వెళ్లేవాటిని ఆపవచ్చు.

చివరిది, మగపిల్లల తల్లిదండ్రులకు. ఆడపిల్ల ఫొటో దాచడం గురించి మాట్లాడినంతగా మగపిల్లవాడి వేలిని అదుపులో ఉంచడం గురించి మనం మాట్లాడడం లేదు. ఒక బాలిక ముఖాన్ని నకిలీ చిత్రానికి అతికించడం తుంటరితనం కాదు, నేరం. మతపరంగా చూస్తే అది అపనింద వేయడమే. తన చెల్లెలి ఫొటోకు అలా జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించమని అబ్బాయికి చెప్పవలసినవారు మనమే. గ్రూపులో అటువంటిది వస్తే నవ్వకుండా, మరొకరికి పంపకుండా, పెద్దలకు చెప్పగల ధైర్యం అతనికి నేర్పాలి.

అప్పటికే జరిగిపోతే

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒకనాడు ఏ తల్లి ఫోనుకైనా అటువంటి చిత్రం రావచ్చు. ఆ క్షణంలో ఇంట్లో జరిగేదే బిడ్డ భవిష్యత్తును నిర్ణయిస్తుంది. ఎన్నో ఇళ్లలో మొదటి ప్రశ్న బిడ్డకే పడుతుంది: నువ్వేం చేశావు? ఆ వెంటనే ఫోను లాక్కుంటారు, బడి మాన్పిస్తారు, పెళ్లి మాట తెస్తారు. పరువు కోసమని చేసే ఈ పనులన్నీ నేరస్థుడు రాసిన అబద్ధానికి కుటుంబం చేతులారా వేసే ముద్రలే. బెదిరించేవాడికి బలం కూడా ఇదే. తల్లిదండ్రులకు తెలిస్తే చంపేస్తారని బిడ్డ భయపడినంత కాలం వాడు అడిగినది ఇస్తూ ఉంటుంది.

హజ్రత్ ఆయిషా (రజి)పై మదీనాలో కపటులు అపనింద పుట్టించినప్పుడు ఏమి జరిగిందో గుర్తు చేసుకోవాలి. ఆమె ఒక నెలపాటు అస్వస్థతతో, కన్నీటితో గడిపారు. నూర్ సూరా ఆయత్‌లు ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటించాయి. అంతటితో ఆగక, ఆ మాట వినగానే తమవారి గురించి మంచిగా ఎందుకు తలచలేదని, ఇది స్పష్టమైన అపనింద అని ఎందుకు అనలేదని విశ్వాసులను నిలదీశాయి. రుజువు చూపవలసిన భారాన్ని నింద వేసినవారిపైనే మోపాయి. కృత్రిమ మేధ సృష్టించిన చిత్రం మన కాలపు అపనింద. అది కంటికి కనిపించడం సాక్ష్యం కాదు. దానిని చూసిన బంధువులు, ఇరుగుపొరుగువారు అనవలసిన మాట కూడా అదే: ఇది అబద్ధం. నిజమా కాదా అని అడగడానికి సైతం మరొకరికి పంపకూడదు.

చట్టం బిడ్డ పక్షానే ఉంది. అశ్లీల చిత్రం నకిలీదైతే నేరం కాదని కొందరు భ్రమపడతారు. 2019లో సవరించిన పోక్సో చట్టం, అసలు బిడ్డనే అనిపించేలా కంప్యూటరుతో తయారు చేసిన, మార్చిన చిత్రాలను కూడా నేరంలో చేర్చింది. సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షన్ కింద ఇటువంటివి తయారు చేసినా, పంచినా, తొలిసారే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా విధించవచ్చు. పోలీసు స్టేషను అంటే భయపడేవారు పోక్సో 24వ సెక్షన్ తెలుసుకోవాలి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్దనో, తాను కోరిన చోటనో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి. యూనిఫాంలో రాకూడదు. రాత్రివేళ బిడ్డను స్టేషనులో ఉంచకూడదు. బిడ్డ పేరు, చిరునామా, బడి వివరాలు పత్రికలలో రాకూడదు.

చేయవలసిన పనులు ఇవి. ఖాతా పేరు, లంకె, ఫోను నంబరు, తేదీ, సమయం ఒక కాగితంపై రాసుకోండి. బెదిరింపు సందేశాలను చెరపవద్దు. డబ్బు పంపవద్దు, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. అందులో పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. సైబర్ సహాయానికి 1930, బాలల సహాయానికి 1098, అత్యవసరమైతే 112 నంబర్లు ఉన్నాయి. ఏ పోలీసు స్టేషనుకు వెళ్లినా, పరిధి తమది కాదని చెప్పి తిప్పి పంపకూడదు. 2024 జూలై నుండి అమలులో ఉన్న కొత్త క్రిమినల్ చట్టం జీరో ఎఫ్ఐఆర్‌కు వీలు కల్పించింది. అమెరికాలోని ఒక బాలల రక్షణ సంస్థ నడిపే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ కూడా ఉంది. అది చిత్రాన్ని తీసుకోదు. మన ఫోనులోనే ఆ చిత్రానికి వేలిముద్ర వంటి ఒక సంకేతాన్ని తయారు చేసి, ఇందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలకు ఆ సంకేతాన్ని మాత్రమే పంపుతుంది. ఆ వేదికలు దాని ఆధారంగా చిత్రాన్ని గుర్తించి తొలగించగలుగుతాయి.

ఈ నంబర్లన్నిటికంటే ముందు అవసరమైనది మరొకటి ఉంది. దానికి సాంకేతిక జ్ఞానం అక్కరలేదు, చదువు కూడా అక్కరలేదు. ఈ రాత్రి భోజనాల వేళ మీ అమ్మాయితో, అబ్బాయితో ఒక మాట చెప్పండి. కువైట్‌లో ఉన్న తండ్రి ఫోనులోనైనా చెప్పవచ్చు. నీ ఫొటోతో ఎవరైనా ఏదైనా చేస్తే, నిన్ను ఎవరైనా భయపెడితే, ముందు నా దగ్గరకు రా. నేను నిన్ను తిట్టను, నీ చదువు ఆపను, నీ మాటే నమ్ముతాను. ఆ మాట ఒకసారి అని ఊరుకోకుండా, దానిని నిలబెట్టుకుంటామన్న నమ్మకం బిడ్డకు కలిగేలా ప్రవర్తిస్తే, బెదిరించేవాడి చేతిలోని ఆయుధం సగానికి పైగా మొద్దుబారుతుంది.